నాన్న లాప్‌టాప్‌లో ఉండిపోయిన పిల్లి



మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఉంటాయి. లెక్కపెడితే 49 రోజులు. అమ్మానాన్నలు కలిసి ఉన్న ఇంట్లో ఈ 49 రోజులనీ ఎవరూ లెక్కపెట్టరు. విడివిడిగా ఉంటున్న చోట మాత్రం ఏప్రిల్ మొదటి వారంలోనే క్యాలెండర్ మీద పెన్నుతో ఒక గీత పడుతుంది. గీతకు ఇటువైపు అమ్మ, అటువైపు నాన్న.

ఆ గీత దాటి కూడా ఆగకుండా నడవాల్సింది ఒకటి ఈ మధ్య మన ఇళ్లలోకి వచ్చింది. అదే వేసవి ఆన్‌లైన్ కోర్సు. కోడింగ్ కావచ్చు, వేద గణితం కావచ్చు, ఇంగ్లిష్ మాట్లాడటం కావచ్చు, వచ్చే ఏడాది పాఠాలు ముందే చెప్పేసే ఫౌండేషన్ క్లాసులు కావచ్చు. 2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ పిల్లలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్లలో పాఠాలు విన్నారు. అప్పుడది తప్పనిసరై చేసిన పని. బడులు తెరిచాక కూడా సెలవులు వచ్చేసరికి పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టే అలవాటు మాత్రం ఉండిపోయింది.

రెండిళ్ల మధ్య తిరిగే పిల్లల విషయంలో ఈ కోర్సు ఏం చేస్తుందో నాకు తెలుసు. విన్నది కాదు, అనుభవించింది చెబుతున్నాను. నేను హనుమకొండలో ఉంటాను, బడిలో లెక్కలు చెబుతాను. మా బాబు వాళ్ల నాన్న విశాఖపట్నంలో ఉంటారు. మేం విడిపోయి అయిదేళ్లయింది. బాబు ఏడాదంతా నా దగ్గర ఉంటాడు. సెలవుల్లో సగం వాళ్ల నాన్న దగ్గర ఉండాలని కోర్టు ఉత్తర్వు.

ఇది రెండు వేసవుల కిందటి సంగతి. బాబు ఆరో తరగతి పూర్తి చేశాడు. కోడింగ్ నేర్చుకుంటానని సరదా పడ్డాడు. ఫోన్‌లో ఒక ప్రకటన చూసి 40 క్లాసుల కోర్సుకి డబ్బు కట్టేశాను. ఆదివారాలు తప్ప రోజూ సాయంత్రం 4 గంటలకు క్లాసు, క్లాసయ్యాక క్విజ్. రిజిస్ట్రేషన్‌లో నా ఫోన్ నంబరిచ్చాను. వాళ్ల నాన్నకి చెప్పానా అంటే చెప్పాను. బాబుని అప్పజెప్పే ముందు రోజు రాత్రి ఒక మెసేజ్ పెట్టాను. "కోర్సులో చేర్పించాను, రోజూ నాలుగింటికి క్లాసు, మిస్ కానివ్వకండి." అడిగి చేసిన పని కాదది, చేసి చెప్పిన పని. ఆయన దగ్గర ఉండబోయే 24 సాయంత్రాలకు ఆయన్ని అడగకుండా నేను టైంటేబుల్ వేసేశాను. అప్పుడు నాకిలా తోచలేదు. పిల్లాడి చదువు కోసమే కదా అనుకున్నాను.

సాయంత్రం వరంగల్లులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి విశాఖలో దిగుతాం. బాబుని అప్పజెప్పి అదే రోజు తిరుగు బండి ఎక్కాను. మర్నాడు సాయంత్రం నుంచి నా పని ఒక్కటే, కోర్సు యాప్ తెరిచి హాజరు పేజీ చూడటం. వచ్చిన రోజు పచ్చ గడి, రాని రోజు ఖాళీ గడి. మొదటి రెండు రోజులు పచ్చగా ఉన్నాయి. మూడో రోజు ఖాళీ. నాలుగో రోజు ఖాళీ. ఒకరోజు పచ్చ, మళ్లీ ఖాళీ. ఖాళీ గడి కనబడ్డ ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీశాను. మే నెలలో కోర్టులకు కూడా సెలవులే. మా వాయిదా జూన్‌లో ఉంది. ఆ వాయిదాకి ఇవి పనికొస్తాయని తీశాను. మొత్తం 11 తీశాను.

బాబు తిరిగొచ్చిన వారానికి, నాన్నమ్మ ఊళ్లో తాటి ముంజలు తింటున్న ఫోటో ఏదో వాళ్ల నాన్న పంపితే చూసుకుందామని నా ఫోన్ తీశాడు. అందులో ఆ పదకొండూ వరసగా కనబడ్డాయి.

"అమ్మా, ఇవెందుకు తీసినవ్?" అన్నాడు.

ఫీజు లెక్క కోసమని చెప్పాను. వాడు ఒక్కొక్కటీ జరుపుతూ చివరిదాకా చూశాడు. పన్నెండేళ్ల పిల్లాడికి తేదీలు చదవడం రాకపోదు. అవన్నీ వైజాగ్ రోజులే.

"తప్పు నాదా, నాన్నదా?" అని అడిగాడు.

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లవాడి ప్రశ్నకీ ఆ రోజులా నోరు పెగలకుండా నిలబడలేదు.

కాసేపటికి వాడే అన్నాడు. "క్లాస్ లేని రోజు కూడా నేను చేసిన. నా పిల్లి నాన్న లాప్‌టాప్‌లనే ఉండిపోయింది."

ఆ పిల్లి సంగతి మీకు చెప్పాలి. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి స్క్రాచ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2007లో విడుదల చేశారు. ఉచితం. టైపు చేసే పని తక్కువ. రంగురంగుల దిమ్మెల్ని మౌసుతో లాగి ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీద బొమ్మ కదులుతుంది. తెరవగానే మనకు ఎదురయ్యే బొమ్మ ఒక నారింజ రంగు పిల్లి. పది అడుగులు నడువు, అంచు తగిలితే వెనక్కి తిరుగు, మీట నొక్కితే ఎగురు అని దానికి ఒక్కో దిమ్మెతో చెబుతూ పోవాలి. స్క్రాచ్ అకౌంట్‌లో లాగిన్ అయి చేస్తే చేసింది ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఏ ఊళ్లోనైనా తెరుచుకోవచ్చు. లాగిన్ లేకుండా చేస్తే ఆ కంప్యూటర్‌లోనే ఫైలుగా దాచుకోవాలి.

బాబు చేసింది అలాగే. మరి ఆ రోజుల్లో క్లాసు ఎందుకు లేదు? ఆ రాత్రి వాడు పడుకున్నాక ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతికాను. కోర్సు వాళ్ల యాప్ కంప్యూటర్‌లో తెరిచిన ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ హనుమకొండలో ఉన్న నా ఫోన్‌కి వస్తుంది. మూడో రోజు సాయంత్రం 3.56కి ఓటీపీ వచ్చి ఉంది. 3.57కి, 3.59కి వాళ్ల నాన్న నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నాకు గుర్తుంది, ఆ రోజు బ్యాంకులో ఉన్నాను. ఫోన్ మీద ఆయన పేరు చూసి, ఇప్పుడు ఏ గొడవో అని ఎత్తలేదు. అలాంటి సాయంత్రాలు అయిదు తేలాయి. నేను జాగ్రత్తగా దాచుకున్న పదకొండు ఖాళీ గడుల్లో అయిదింటికి కారణం నా ఫోనే.

మిగతా ఆరింట్లో నాలుగు రోజులు అనకాపల్లి దగ్గర నాన్నమ్మ ఊళ్లో ఉన్నారు. అక్కడ సిగ్నల్ సరిగ్గా అందదు. ఇంకో రెండు రోజులు బాబుకి వెళ్లాలనిపించలేదు, వెళ్లలేదు. సెలవుల్లో పన్నెండేళ్ల పిల్లాడికి అలా అనిపించడం నేరం కాదు.

మర్నాడు ఆయనకి మెసేజ్ పెట్టాను, బాబు చేసిన ఫైలు ఉంటే పంపమని. గంటలో పంపారు. తెరిచి చూశాం. తెర నిండా తాటిచెట్లు నిలబడి ఉన్నాయి. పిల్లి ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి దూకుతోంది. ముంజ దొరికితే పాయింటు, గెల దాటిపోతే కింద పడుతుంది. ఒక మూల చీర కట్టుకున్న బొమ్మ ఒకటి నిలబడి, పిల్లి కింద పడ్డప్పుడల్లా "ఏటి బాబూ, దెబ్బ తగిలిందేటి?" అంటోంది. అది నాన్నమ్మ గొంతు. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టారు. క్లాసు తెరుచుకోని సాయంత్రాలు తండ్రీ కొడుకులు కూర్చుని కట్టిన ఆట అది. నా దగ్గరున్న సాక్ష్యంలో ఆ సాయంత్రాలన్నీ సున్నాలు.

స్క్రీన్‌షాట్లు తీసేశాను. వాయిదాకి తీసుకెళ్లలేదు.

ఇప్పుడు కొంచెం చట్టం సంగతి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం పిల్లల సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని చెబుతుంది. 2020లో ఒక కస్టడీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. పిల్లలు ఎవరి దగ్గర లేరో ఆ తల్లికో తండ్రికో కలుసుకునే హక్కు ఒక్కటే చాలదు, రోజూ కాసేపు ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో మాట్లాడుకునే వీలు కూడా ఉండాలని. లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదికలో, పెంపకం బాధ్యత ఇద్దరూ పంచుకునే ఏర్పాటుకి చట్టంలో చోటు కల్పించమని సిఫారసు చేసింది. ఇవన్నీ ఉన్నాయి. అయినా మా ఉత్తర్వులో ఏముందంటే, ఏ తేదీన ఏ ఊళ్లో బాబుని అప్పజెప్పాలి, ఏ పండక్కి ఎవరి దగ్గర ఉండాలి, బడి ఫీజు ఎవరు కట్టాలి. వాడి పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలో లేదు. ఉండదు కూడా. ప్రతి చిన్న విషయాన్నీ జడ్జిగారు రాసిపెట్టలేరు.

ఫ్యామిలీ కోర్టులో కౌన్సిలర్‌గా ఉన్న ఒక పెద్దావిడ మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని ఒక మాటన్నారు. "మీరు రోజులు పంచుకున్నారు, పనులు పంచుకోలేదు." ఆ మాట పట్టుకునే మేం రెండో వేసవి ఏర్పాటు చేసుకున్నాం.

మొదట కోర్సు ఎంచుకోవడం. ఫిబ్రవరిలోనే ఆయనకి రాశాను, బాబు ఇలా అడుగుతున్నాడు, మీరేమంటారు అని. కలిసున్నప్పుడు ఆయన నన్ను నువ్వు అనేవారు. ఇప్పుడు మెసేజ్‌లలో మీరు అంటారు. మొదట్లో ఆ మీరు ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు అందులో కొంత హాయి కూడా ఉంది. పని గురించి మాట్లాడుకునే ఇద్దరు మనుషుల మధ్య ఉండే మర్యాద అది. మూడు కోర్సులు చూశాం. టైము కట్టుబాటున్న లైవ్ క్లాసులు వద్దనుకున్నాం. వీలున్నప్పుడు చూసుకునే రికార్డు పాఠాలు చాలనుకున్నాం. 40 కాదు, 15 పాఠాలు. దీనికి నూటికి నూరు పాళ్లూ మద్దతిస్తాను. తండ్రి దగ్గర ఉండేదే ఏడాదికి మూడు వారాలైతే, అందులో రోజూ సాయంత్రం గంటన్నర తెర ముందు గడపమనడం ఆ పిల్లవాడికీ అన్యాయమే, ఆ తండ్రికీ అన్యాయమే.

డబ్బు విషయం ముందే తేల్చుకున్నాం, సగం సగం. అసలు చాలా వాటికి డబ్బు అక్కర్లేదు. బడి పుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ని దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో ఉచితంగా తెరుచుకుంటుంది. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నాన్నమ్మ ఊళ్లోనూ చూసుకోవచ్చు, రైల్లోనూ చూసుకోవచ్చు.

తర్వాత తాళాల సంగతి. బాబు చదువు కోసమని ప్రత్యేకంగా ఒక ఈమెయిల్ తెరిచాం. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంది. కోర్సు లాగిన్ దాంతోనే, ఓటీపీ కూడా ఆ మెయిల్‌కే. మా సొంత మెయిళ్లు, సొంత అకౌంట్లు అందులో కలపలేదు. పిల్లాడి లాగిన్ పట్టుకుని ఒకరి ఇంట్లోకి ఇంకొకరు తొంగిచూసే అవకాశం ఉండకూడదు. బాబు చేసేవన్నీ వాడి స్క్రాచ్ అకౌంట్‌లో దాచుకుంటాడు, అదనంగా ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా. పెన్‌డ్రైవ్ వాడి బ్యాగులో చార్జర్‌తో పాటు ఉంటుంది. చార్జర్ అంటే గుర్తొచ్చింది, దయచేసి రెండిళ్లలో రెండు చార్జర్లు పెట్టండి. ఒక చార్జర్ కోసం జరిగిన గొడవలు మా ఇద్దరి మధ్య ఎన్నో.

ఇక అన్నిటికన్నా పనికొచ్చింది ఒక నోటుబుక్కు. రూళ్లున్న మామూలు పుస్తకం, బాబుతోనే ప్రయాణం చేస్తుంది. పాఠం అయినప్పుడు వాడు తేదీ వేసి ఒక వాక్యం రాస్తాడు. ఎవరి దగ్గర ఉంటే వాళ్లు చెప్పాల్సిందేదైనా ఉంటే కింద రాస్తారు. "ఏడో పాఠంలో వేరియబుల్ అర్థం కాలేదు, డబ్బాలో బియ్యం పోసి చూపించాను" అని నేను రాస్తే, వైజాగ్‌లో ఆయన ఆ డబ్బా దగ్గర నుంచే మొదలుపెడతారు. ఆ పుస్తకంలో ఫిర్యాదులు రాయకూడదని మాట అనుకున్నాం. ఎందుకంటే దాన్ని మోసుకెళ్లేవాడు, చదివేవాడు బాబే. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే ఆదివారం రాత్రి ఒక మెసేజ్. వారానికి ఒక్కటే. "నాన్నకి చెప్పు", "అమ్మనడుగు" అనే మాటలు చదువు విషయంలో వాడి చెవిన పడకుండా చూడాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. అన్నిసార్లూ నిలబెట్టుకున్నామని చెప్పలేను. రెండుసార్లు నేను తప్పాను.

ఇంకో ఇంటి సంగతి కూడా చెప్పాలి. నిజామాబాద్‌లో నా స్నేహితురాలు ఉంది. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. తండ్రి అమెరికాలో, డాలస్‌లో ఉంటాడు. వేసవిలో మనకీ డాలస్‌కీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం 7 అయితే అక్కడ ఉదయం 8.30. ఆఫీసు పనికి కూర్చునే ముందు ఆ పాపకి ఫోన్ చేస్తాడు. మొదట్లో ఆ ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోయేది. తిన్నావా, తిన్నాను, చదువుతున్నావా, చదువుతున్నాను. తర్వాత ఇద్దరికీ మాటలుండేవి కావు. రోజూ కలిసి బతకని మనుషుల మధ్య మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఒక వేసవిలో ఆ పాప బీజగణితం ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. రోజూ ఒక లెక్క తండ్రికి చూపించేది. ఆయన అక్కడ కాగితం మీద చేసేవాడు, ఈ పిల్ల ఇక్కడ చేసేది. ఒకరోజు ఆయన జవాబు తప్పొచ్చి పాప జవాబు సరిగ్గా వచ్చిందట. ఆ వారమంతా ఇంట్లో అదే కబురు. లెక్కల మధ్యలోంచి బడి కబుర్లొచ్చాయి, స్నేహితురాళ్ల పేర్లొచ్చాయి. ఇప్పుడా ఫోన్ అరగంటలో కూడా తెమలడం లేదని నా స్నేహితురాలు చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో కొంత బాధ ఉంది, కొంత సంతోషమూ ఉంది. రెండూ నిజమే.

అందుకే చెబుతున్నాను. దూరంగా ఉన్న తల్లికో తండ్రికో పాఠం ఒక వంక. బిడ్డతో పక్కపక్కన కూర్చోవడానికి దొరికిన వంక. దాన్ని హాజరు పట్టీ చేసి ఎదుటివాళ్ల తప్పులు లెక్కపెట్టడానికి వాడుకుంటే, పోయేది ఆ పక్కన కూర్చోవడమే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పకపోతే నా మాట అన్యాయమవుతుంది. దెబ్బలకు తాళలేక బయటికొచ్చిన తల్లులున్నారు. చిరునామా దాచుకుని బతుకుతున్నవాళ్లున్నారు. వాళ్లకి నేను ఉమ్మడి ఈమెయిల్ పెట్టుకోండి, ఆదివారం మెసేజ్ పెట్టుకోండి అని చెప్పను. లాగిన్ ఎక్కడి నుంచి జరిగిందో, ఫోన్ ఏ ఊళ్లో ఉందో తెలిసిపోయే ప్రమాదం ఉన్నప్పుడు బిడ్డ భద్రత ముందు, కోర్సు తర్వాత. అలాంటి చోట కోర్టు కౌన్సిలర్ ద్వారానో, లాయరు ద్వారానో, నమ్మకమున్న బంధువు ద్వారానో మాట్లాడుకోవాలి. అదీ కుదరకపోతే ఆ వేసవికి కోర్సు లేకపోయినా ఫరవాలేదు. లైబ్రరీ నుంచి నాలుగు కథల పుస్తకాలు తెచ్చిపెడితే చాలు.

ఇప్పుడు బాబు ఎనిమిది పూర్తి చేశాడు. ఈ ఏడాది గీత మే 18న పడింది. ఆ సాయంత్రం గోదావరి ఎక్కుతాం. నిన్న రాత్రి వాడి బ్యాగు సర్దుతూ పోయినేటి నోటుబుక్కు తెరిచాను. మొదటి పేజీలో నా రాత ఉంది, మధ్యలో బాబు రాత, వాళ్ల నాన్న రాత కలగలిసి ఉన్నాయి. ఆయన అక్షరాలు ముందుకి వాలి ఉంటాయి. ఒకచోట మే 30 తేదీ వేసి ఆయన రాశారు. "పాఠం కాలేదు. కరెంటు లేదు. డాబా మీద పడుకుని నక్షత్రాలు చూశాం. సప్తర్షి మండలం గుర్తుపట్టాడు." దాని కింద బాబు చిన్న అక్షరాలతో "అమ్మా, అరుంధతి కూడా" అని రాసి, పెన్సిలుతో ఏడు చుక్కలు పెట్టి, ఆరో చుక్క పక్కన ఇంకో చిన్న చుక్క పెట్టాడు.

ఆ పుస్తకంలో ఇంకా పది పన్నెండు ఖాళీ పేజీలున్నాయి. అదే బ్యాగులో పెట్టాను. కొత్తది కొనలేదు.